బొట్టు పెట్టిన టైమర్

ఆ రోజుల్లో నాకు మా వీధి మలుపు దాటడమే పెద్ద పని. మాది తమిళనాడులో ఉండిపోయిన తెలుగు కుటుంబం. ఇంటి నుంచి పాపారపట్టి బస్టాండుకు పది నిమిషాల నడక; నాకు మాత్రం అరగంట పట్టేది. గ్యాసు కట్టేశానా, మిక్సీ ప్లగ్గు పీకానా, పిల్లి దూరే కిటికీ మూశానా అని ఒక్కొక్కటే గుర్తొచ్చి, సగం దారి నుంచి వెనక్కి పోయేదాన్ని. టీ కొట్టు ముందు కూర్చునే పెద్దాయన రోజూ అడిగేవాడు, "ఏమ్మా, ఇది పోయేదా, వచ్చేదా?" అని. నాకే తెలిస్తే కదా చెప్పడానికి. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన ఉన్నప్పుడు నాకు ఇంత భయం లేదు. ఇంట్లో ఏది పాడైనా "ఆయన చూసుకుంటాడు" అని కాళ్ళు చాపుకునేదాన్ని. ఆయన పోయాక, ఇంట్లో ఉన్న ప్రతి వైరూ, ప్రతి స్విచ్చూ నా వైపే చూస్తున్నట్టుండేది.

నాకు ముప్పై నిండకముందే ధర్మపురిలో ఒక చీరల దుకాణంలో పని దొరికింది. పనంటే పెద్దదేమీ కాదు. వచ్చినవాళ్ళు యాభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోతే, ఆ యాభై మళ్ళీ మడత పెట్టడం. పని కష్టం కాదు. ఎనిమిది గంటల బస్సు అందుకోవడమే కష్టం. ఎందుకంటే ఇంట్లో మా అత్త ఉంది. ఆవిడ మోకాళ్ళకు వేడినీళ్ళు పడకపోతే ఆ పూట లేవలేదు. పొద్దున్నే పోసుకోమంటే పోసుకోదు. నూనె రాసుకుని అరగంట నానాలి, ఆ తర్వాతే స్నానం. కాబట్టి నేను అర బక్కెట్టు నీళ్ళలో హీటర్ రాడ్డు పెట్టి, స్విచ్చి వేసి బస్సుకు పరుగెత్తాలి. అరగంట తర్వాత అత్త స్విచ్చి కట్టాలి, అంటే ఆపేయాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. మా అత్త పొలంలో పామును చూసినా జంకేది కాదు కానీ, స్విచ్చిని వేలితో ముట్టుకునేది కాదు. పనిలో చేరిన మొదటి వారంలోనే ఒక రోజు నీళ్ళన్నీ ఆవిరైపోయి, ప్లాస్టిక్ బక్కెట్టు అప్పడంలా వంకర తిరిగి కరిగిపోయింది. అత్త వీధిలో నిలబడి అరిస్తే ఎవరో వచ్చి ఆపారు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆ కరిగిన బక్కెట్టును గుమ్మం ముందు, నాకు కనబడేలా పెట్టి ఉంచింది. అనాల్సిందంతా ఆ బక్కెట్టే అనేసింది.

మొదటి జీతం చేతికి రాగానే మా దుకాణం పక్కనే ఉన్న కరెంటు సామాన్ల కొట్టుకు పోయి నా గోడు చెప్పుకున్నాను. ఆ కొట్టాయన అరచేతి అంత పెట్టె ఒకటి తీసి ఇచ్చాడు. గోడ సాకెట్‌కు దాన్ని గుచ్చాలి, దానికి రాడ్డు ప్లగ్గు గుచ్చాలి, ముందున్న గుండ్రటి బిళ్ళను తిప్పాలి. ఎంత తిప్పితే అంతసేపు టిక్ టిక్ అంటూ వెనక్కి వచ్చి, సున్నా దగ్గర టక్కుమని కరెంటు ఆపేస్తుంది. రాడ్డు లాగే కరెంటును తట్టుకునే పెద్ద ప్లగ్గుదే ఇచ్చాడు. "ఒకటి మాత్రం బాగా మనసులో పెట్టుకోమ్మా," అన్నాడు. "ఈ పక్క ఖాళీగా ఉండాది చూడు, బిళ్ళను ఇక్కడికి తిప్పితే ఇది ఆగదు, టిక్ టిక్ కూడా అనదు. కరెంటు పోతానే ఉంటాది." ఆ పక్కకు నేనెందుకు తిప్పుతానులే అనుకున్నాను. (తిప్పను అనుకున్న పక్కకే నా చెయ్యి పోతుందని ఆ వయసులో నాకు తెలియదు.)

బిళ్ళ చుట్టూ అంకెలు చీమల్లా ఉన్నాయి. నాకు బస్సు నంబరు తెలుసు, నోట్ల మీద అంకెలు తెలుసు. ఇంత చిన్నవి చదవడం నా వల్ల కాలేదు. (ఇప్పుడు ఇదంతా నేను చెబుతుంటే రాసిపెడుతున్నది కూడా మా వీధి టీచరమ్మే.) అందుకని కొట్టాయన అరగంట చూపించిన చోట ఇంటికి రాగానే గంధం చుక్క పెట్టి, మీద కుంకుమ అద్దాను. ఇంట్లో ఇద్దరమూ మొగుళ్ళు పోయినవాళ్ళం. మా ఇద్దరి నొసళ్ళకూ లేని బొట్టు ఆ పెట్టెకు పెట్టాను. తర్వాత అత్తను కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"అత్తా, ఇది టిక్ టిక్ అంటా ఉంటే నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. సద్దు ఆగిపోతే కరెంటు ఆగినట్టు. అప్పుడు పోసుకో. తెలిసిందా?"

"తెలిసిందిలేమే. అరిచేటప్పుడు తాకకూడదు, నోరు మూస్తే తాకొచ్చు. ఎప్పుడో ఒకప్పుడు నోరన్నా మూస్తాది కదా, నీ మాదిరి కాదు."

ఆ మాటతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మరుసటి రోజు నుంచి వీధి మలుపు దగ్గర వెనక్కి తిరగలేదు. టీ కొట్టు పెద్దాయన కూడా ఆశ్చర్యపోయి గ్లాసు దించేశాడు. నెల రోజులకు పైగా నేను రాణిలా బస్సెక్కి పోయాను.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మా వైపు కత్తి నుంచి గ్రైండరు దాకా పనిచేసే ప్రతి సామానుకూ సెలవు. అన్నిటినీ కడిగి, తుడిచి, గంధం, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంటాము; మళ్ళీ మర్నాడే వాటి మీద చెయ్యి వేయడం. నేను ప్లగ్గులన్నీ పీకి అత్త ముందు పెట్టి దుకాణంలో పూజకు పోయాను, ఇంట్లో పూజ అత్త చేసింది. కొడవలి, రోలు, మిక్సీ, ఫ్యాను, అన్నిటికీ చేసింది. మరుసటి రోజు పొద్దున నేను బస్సుకు ఆలస్యమైపోయి, ఒక చేత్తో జడ అల్లుకుంటూ ఇంకో చేత్తో టైమర్ బిళ్ళను బొట్టు దాకా తిప్పి, "అత్తా, వస్తాను" అని పరుగు తీశాను. ఆ రోజు మా దుకాణం ముదలాళి (అంటే యజమాని) అందరూ మొదటి బేరానికి ముందే ఉండాలని గట్టిగా చెప్పి ఉన్నాడు.

బస్సులో సీటు దొరికింది. బస్సుకు కూడా పూజ జరిగినట్టుంది. ముందు అరటి పిలకలు కట్టి ఉన్నాయి, అద్దం నిండా గంధం చుక్కలు. స్టీరింగుకు బొట్టు, గేరుకు బొట్టు, హారనుకు బొట్టు, డ్రైవరు ముందున్న గడియారానికి కూడా సరిగ్గా ముళ్ళు కనబడకుండా ఒక పెద్ద బొట్టు. అది చూసి నవ్వుకున్నాను. ఎవరో చేతికి అందిందల్లా వదల్లేదని నవ్వుకున్నాను. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మా అత్త వదిలి ఉంటుందా?

పొద్దున నేను తిప్పిన బొట్టు ఎక్కడ ఉంది? నేను పెట్టిన చుక్క చిన్నది, వేడికి ఎండి సగం రాలిపోయినది. పొద్దున చూసింది పెద్దది, తడి ఆరనట్టు ఎర్రగా ఉంది. అత్త పాతది తుడిచేసి, కంటికి ఖాళీగా కనబడిన చోట నిండుగా కొత్తది పెట్టి ఉంటుంది. ఖాళీగా ఉన్న చోటు ఏదో కొట్టాయన చెప్పనే చెప్పాడు. చెవుల్లో వెతుక్కున్నాను. పొద్దున టిక్ టిక్ విన్నానా? వినలేదు. వినలేదంటే కరెంటు పోతూనే ఉంది. సద్దు లేదు కాబట్టి నీళ్ళు తాకొచ్చని మా అత్త అనుకుంటుంది. అలా అనుకోమని నేర్పింది నేనే.

అత్త దగ్గర ఫోన్ లేదు. పక్కింటి పూలక్కకు ఫోన్ చేశాను. (పూలు కట్టి అమ్ముతుంది కాబట్టి ఆ పేరు.) మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. లేచి నిలబడి, "ఆపండి, బస్సు ఆపండి!" అని అరిచాను.

"ఇక్కడ స్టాపింగ్ లేదు, కూర్చోమ్మా," అన్నాడు కండక్టరు.

"మా అత్త చచ్చిపోతాది, ఆపన్నా!"

బస్సంతా నా వైపు తిరిగింది. "ఏమైందిమా? నెంజు నొప్పా?" అని ఒకావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"కాదక్కా, పూజకు బొట్టు పెట్టింది!"

"బొట్టు పెడితే చచ్చిపోతారా?"

ఇంకొకావిడ పక్కనున్న ఆమెతో, "అత్త కోసం బస్సు ఆపేదాన్ని ఇయ్యాళే చూస్తా ఉండాను. మా కోడలైతే రెండు టిక్కెట్లు తీసుకుని ఇంకా దూరం పోయుంటాది," అంది. జనం నవ్వుతున్నారు. నాకు ఏడుపు ఆగడం లేదు. నా ముఖం చూసి డ్రైవరు మాత్రం నవ్వలేదు, బండి పక్కకు తీసి ఆపాడు.

రోడ్డు మీద ఎదురు బస్సు లేదు. పరుగెత్తాను, ఊపిరి అందక నిలబడ్డాను, మళ్ళీ పరుగెత్తాను. వెనక నుంచి ఒక పెద్దాయన మోపెడ్ మీద అరటి పిలకలు కట్టుకుని వచ్చాడు. నేను "అయ్యో దేవుడా" అని తెలుగులో అనడం విని, మన తెలుగువాళ్ళేనని గుర్తుపట్టి, "ఎక్కుమ్మా," అన్నాడు. ఎక్కాను. ఆ బండి నడకకు, నేను దిగి నడిస్తే ముందు పోతానేమో అనిపించింది.

"తాతా, సీక్రం పోండి, మీకు పుణ్యం ఉంటాది."

"నిన్ననే కదమ్మా బండికి పూజ చేసి నిమ్మకాయ కట్టినాను. మర్నాడే తరిమితే దానికి మనసు కష్టంగా ఉండదా?"

ఆయన బండి మనసు చూసుకుంటున్నాడు. నా మనసులో మాత్రం అత్త బక్కెట్టు దగ్గర కూర్చుని, చెవి పెట్టి విని, సద్దు లేదని చీర చెంగు దోపుకుని చెయ్యి చాపుతోంది. ప్రతి మలుపులోనూ చాపుతోంది. మా ఆయన పోయేటప్పుడు, "అమ్మ జాగ్రత్త" అని ఒక్క మాటే అడిగాడు. ఆ ఒక్క మాటా నా చేతుల మీదే పోయేలా ఉంది.

వీధి మొదట్లోనే దూకేశాను. ఇంట్లోకి పోతే వంటింటి నిండా ఆవిరి, ఏమీ కనబడలేదు. బక్కెట్టు కుతకుతమంటోంది. గోడ దగ్గరికి పోయి చీపురు కట్ట వెనక వైపుతో స్విచ్చిని కొట్టి కట్టాను. అప్పుడు, "అత్తా! అత్తా!" అని అరిచాను. ఎక్కడినుంచో కాదు, పెరటి గుమ్మం నుంచి జవాబు వచ్చింది.

"ఏమే, అంత గొంతు ఎందుకు? నేనేమన్నా చెవిటిదాన్నా?"

నెత్తికీ మోకాళ్ళకూ నూనె కారుతుండగా, కాళ్ళు చాపుకుని, ఎండలో కూర్చుని ఉంది మా అత్త. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ఎప్పుడూ ఉండే కాయలు తప్ప ఏమీ లేవు.

"నీళ్ళు తాకలేదా? టిక్ టిక్ అనలేదు కదా, సద్దు లేకపోతే తాకొచ్చని చెప్పినాను కదా?"

"చెప్పినావు. నువ్వు చెప్పినావని ఆ డబ్బాను నమ్మి చెయ్యి పెట్టేదానికి నాకేమన్నా పిచ్చా? ఏ దినమూ పెట్టలేదు."

"మరి రోజూ ఎట్లా పోసుకుంటా ఉండావు?"

అత్త కొంచెం సిగ్గుపడింది. (ఆవిడ సిగ్గుపడడం నేను చూసింది అదొక్కసారే.) "అది నోరు మూసినాక పూలక్కను పిలుస్తాను. ఆయమ్మ వచ్చి గోడ స్విచ్చి కట్టి, ప్లగ్గు పీకి, రాడ్డు తీసి పెట్టి పోతాది. ఇయ్యాళ గుడికి పోయుండాది, ఇంకా రాలేదు. అందుకే కూర్చోనుండాను."

"నాకు ఒక మాట చెప్పకూడదా అత్తా?"

"ఏమని చెప్పేది? మొదటి జీతంతో కొనుక్కొచ్చినావు. వీధి మలుపులో వెనక్కి తిరగకుండా పోతా ఉండావు. దాన్ని నేనెందుకు చెరిపేది?"

నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. అత్త నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. నూనె చెయ్యి, జడంతా పాడైంది. తర్వాత ప్లగ్గు పీకి, రాడ్డు తీసి, చన్నీళ్ళు కలిపి, ముందు నా చెయ్యి పెట్టి చూసి ఆవిడకు నేనే పోశాను. దుకాణానికి పదకొండుకు పోయాను. ముదలాళి అరగంట తిట్టాడు. ఏమి తిట్టాడో అడిగితే ఒక్క మాట చెప్పలేను. మర్నాటి నుంచి అరగంట ముందే లేచి, ఆ గోడ స్విచ్చి నా చేత్తో కట్టి, అత్త స్నానం అయ్యాకే బస్సుకు పోయాను. ఆవిడ కూడా నా కోసం నూనె నానడం అరగంట ముందుకు జరుపుకుంది. టైమర్ పీకేస్తానంటే మాత్రం వద్దంది. "ఉండనీలేమే. నీకు ధైర్యంగా ఉంటాది."

అత్త పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకూ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. టైమర్ ఆగుతుంది, నేను గోడ స్విచ్చి కడతాను, ప్లగ్గు పీకుతాను, అయినా నీళ్ళ ముందు ఒక్క క్షణం నిలబడతాను. భయం వల్ల కాదు. జడ సగం అల్లుకుని, ఏడుస్తూ రోడ్డు మీద పరుగెత్తిన ఆ ఆడపిల్ల అప్పుడు గుర్తొస్తుంది. ఇంటిల్లిపాదినీ తానే మోస్తున్నానని అనుకునేది, పాపం. వెనక నుంచి ఒక నూనె చెయ్యి తననే పట్టుకుని ఉందని దానికి తెలియదు.