నేను చేయని లంక యుద్ధం

శ్రీలంకలో శాంతి కోసమని మన సైన్యం దిగినప్పుడు ముందు వరుసలో నేనున్నానని జగ్గయ్యపేటలో మా వీధివాళ్లను ఎవరినడిగినా చెప్పేవారు. వాళ్లకు చెప్పింది నేనే.

పింఛనుతో ఇంటికొచ్చాక వీధి చివర టీ కొట్టు బల్ల మీదే నా కాపురం. మధ్యాహ్నం సున్నపురాయి క్వారీలో సైరన్ మోగి, ఆ వెనకే పేలుడుకు గాజు గ్లాసులు గలగలమంటే, "ఇదో చప్పుడా? లంకలో దీన్ని సీమటపాకాయ అనేవాళ్లం" అనేవాడిని. అమెరికా వెళ్లి ఇరాక్ మీద బాంబులేసిన ఏడు నా గిరాకీ మరీ పెరిగింది.

"ఇట్టా ఎల్లి దులిపేస్తే టెర్రరిస్టులు పోతారంటావా బాబాయ్?" అనడిగాడు మా ఎదురింటి సిమెంటు లారీ డ్రైవరు.

"మూడు నెలలు చాల్రా. పెద్ద సైన్యం దిగిందంటే వాళ్ల పని అయిపోయినట్టే."

వారం తిరక్కుండా అతని భార్య మా గుమ్మంలో నిలబడింది. కువైట్ నుంచి ఇరాక్‌లోని సైనిక శిబిరాలకు సరుకుల లారీ తోలే పని దొరికిందట. పాస్‌పోర్టు మర్నాడే ఏజెంటుకు ఇవ్వాలట.

"మూడు నెలల్లో అంతా సద్దుమణుగుద్దన్నారంట గదా మావయ్యగారూ. మీ మాట మీదే ఎల్తానంటున్నాడు. నిజం చెప్పండి, ఆ రోడ్ల మీద లారీ తోలొచ్చా?"

చెప్పేశాను. లంకలో నేను స్టోరు గుమాస్తాను. బియ్యం, కందిపప్పు తూచాను. తుపాకీ పట్టుకున్నది ఫొటో కోసం. కానీ ఒకటి మాత్రం కళ్లారా చూశాను. దిగిన కొత్తలో ఊళ్లవాళ్లు మాకు దండలేసి కొబ్బరినీళ్లిచ్చారు. కొన్నాళ్లకు మమ్మల్ని చూసి తలుపులేసుకున్నారు. సోదా చేసి ఒక ఇంట్లోంచి ఒకణ్ణి పట్టుకొస్తే, ఆ ఇంట్లోంచే ఇద్దరు తమ్ముళ్లు అడవిలోని మిలిటెంట్లలో కలిసేవారు. దారిలో ముందు పేలేది సరుకుల లారీయే.

"ఈ మాట ఆయనకి చెప్పండి," అంది.

సాయంత్రం టీ కొట్టులో అందరి ముందూ అతనికి చెప్పాను. ఒకటే నవ్వులు.

"మా ఆవిడ మీ ఇంటికొచ్చి ఏడ్చిందా బాబాయ్? నువ్వు పప్పు తూచావా! మరి ఆ బాంబుల చప్పుళ్లో?"

"నేను దగ్గర్నుంచి విన్నది మన క్వారీ చప్పుడేరా."

ఇంకా గట్టిగా నవ్వారు. అన్నేళ్లు నా కోతలు మింగినవాళ్లకు ఈ ఒక్క నిజం గొంతు దిగలేదు.

అతను వెళ్లాడు. ఆమె మా గుమ్మం వైపు చూడటం మానేసింది.

ఏడాదిన్నరకు తిరిగొచ్చాడు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. బల్ల మీద నా పక్కనే కూర్చుంటే, టీ కొట్టాయన అడిగాడు: "ఏవయ్యా, టెర్రరిస్టులు తగ్గారా?"

"ఎల్లిన కొత్తలో ఒక్క వంతెన కాడే భయపడేవోళ్లం. వచ్చేసేటప్పటికి దారంతా భయవే."

ఇంతలో సైరన్ మోగింది. అతను గ్లాసు కింద పెట్టి, రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నాడు. పేలుడు సద్దుమణిగేదాకా అతని మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాను. ధైర్యం చెప్పడానికని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ "సీమటపాకాయ" అంటూ గాల్లో ఊపడానికి అలవాటు పడ్డ చెయ్యి అది, దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా.