పొరుగింట్లో నా సంచి

మొన్న మాచర్ల బస్టాండులో ఒక పిల్లవాడు గుడ్డసంచిని రెండు చేతులా కరుచుకుని కూర్చోవడం చూశాను. నా ఏడో ఏటి వేసవి గుర్తొచ్చింది.

సెలవులకు దుర్గి దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్లాం. తిరుగు ప్రయాణం సాయంత్రం. మంచి ఘడియ మాత్రం పొద్దున్నే ఉంది. అలాంటప్పుడు ఆ ఘడియకు ఒక సంచిని పొరుగింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. అమ్మమ్మ నా బట్టల సంచిని పక్కింటి అత్తకు ఇచ్చింది. ఆమెకు పిల్లలు లేరు. ఈ ఆచారం సంగతి అప్పటికి నాకు తెలియదు.

"ఏందిరా అట్టా చూస్తన్నావు? నీ సంచి మా ఇంటికొచ్చింది. ఇంక నువ్వు మావోడివే!" అంది అత్త.

అమ్మ కూడా నవ్వింది. "ఉంచుకో వదినా, చానా అల్లరోడు."

నన్ను నిజంగానే అక్కడ వదిలేస్తారనుకున్నాను. మధ్యాహ్నం మామిడిపండు కూడా ముట్టలేదు. అమ్మ ఎటు వెళితే అటు కొంగు పట్టుకుని తిరిగాను.

బస్సు వేళకు అత్త సంచి తెచ్చింది. లాక్కుని అందరికంటే ముందు బస్సెక్కాను. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి పిలిచినా తల తిప్పలేదు.

ఇంటికి చేరాక అమ్మ సంచి విప్పింది. నా చొక్కాలకు ఊడిపోయిన గుండీలన్నీ కొత్తగా కుట్టి ఉన్నాయి. తప్పించుకున్నానన్న సంతోషమే తప్ప, ఆ పగలంతా అత్త ఎలా గడిపిందో ఆనాడు నాకు తట్టలేదు.