కుప్పను కదపకుండా చూడాలన్న కమల గారు

"అక్కయ్య ప్రభువునందు నిద్రించారండి." ఆదివారం ఉదయం కమల గారి తమ్ముడు ఫోన్‌లో ఈ మాట చెప్పాక, చాలాసేపు కాలువ గట్టునే నిలబడిపోయాను. నీటి మీద మంచు, మంచులో ఒక పడవ. ఏదీ నిజమనిపించలేదు.

రామచంద్రపురంలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన విదుషీమణి ఆమె. శిష్యులను సైతం 'అండి' అనే సంస్కారం ఆమెది. దేశదేశాలవారు స్వచ్ఛందంగా నిర్మించే ఒక ప్రోగ్రామింగ్ భాషకు తన చిన్న గదిలోంచే మరమ్మతులు పంపేవారు. కొబ్బరాకుల నీడలు తెర మీద ఊగుతుంటే, అక్షరాలు కూడా ఊగుతున్నట్టుండేది.

ఆ భాషలో 'హీప్', అంటే కుప్ప, అనే సాధనముంది. అన్నిటికన్నా పెద్దదాన్ని పైన నిలుపుతుంది. కిందివి మాత్రం ధాన్యం కుప్పలాగే, వరుసలో ఉండవు. ఊరి ఆసుపత్రికి ఆమె రాసిచ్చిన ప్రోగ్రాంలో అత్యవసర రోగి పేరు అలా పైకి వచ్చేది. "మిగతావాళ్లు ఎవరెవరున్నారో కూడా చూపించండి మేడమ్" అని ఒకనాడు నర్సు అడిగింది. అందరినీ ఒక్కసారిగా చూడాలంటే నకలు తీయాలి, లేదా కుప్పనే విప్పాలి. ఏదీ కదపకుండా, ఉన్నదున్నట్టు చూపే చిన్న ఆదేశం, 'స్లైస్' అనే మెథడ్ ఒకటి, ఆ భాషలో చేర్చాలని కమల గారు సంకల్పించారు. అప్పటికే జబ్బు ముదిరింది. అది చేరాక కన్నుమూయాలన్నదే ఆవిడ కోరిక.

కోడ్ ఒక్క పంక్తే. "చూసినవాళ్లు అన్నీ వరుసలో ఉన్నాయని పొరబడతారు" అని ఆ భాష నిర్వాహకుల అభ్యంతరం. అందుకు వివరణ, ఉదాహరణ రాసే పని ఆవిడ నాకిచ్చారు. మూడంకెలు వేసి చూస్తే తొమ్మిది, ఏడు, అయిదు అని ముచ్చటగా వచ్చాయి. 'పెద్దదాని నుంచి చిన్నదాని దాకా' అని ఒక ముక్క కూడా చేర్చాను.

ఆవిడ చదివి నవ్వారు. "ఏంటండీ ఇది? వాళ్లు దేనికి భయపడుతున్నారో అదే రాసిపెట్టారు. ఇంకో నాలుగంకెలు వేసి చూడండి."

వేశాను. అన్నీ చెల్లాచెదురయ్యాయి.

"పైనున్నది పెద్దదని మాత్రమే మనం మాటిస్తున్నామండి. ఇవ్వని మాట రాయకూడదు."

దిద్దడానికి పది నిమిషాలు చాలు. సిగ్గుతో, ఆఫీసు పని వంకతో వారం నాన్చాను. "తొందరేం లేదులెండి" అనేవారు ఆవిడ. తొందర ఉందని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. వారం తర్వాతే దిద్ది పంపాను; ఆ ఆలస్యానికి నన్ను నేను క్షమించుకోలేను.

సమాధి కార్యక్రమం నుంచి తిరిగొస్తుంటే ఫోన్‌కు నిర్వాహకుల సందేశం వచ్చింది. మెథడ్‌ను చేర్చుకున్నారు. కింద ఎవరో పరదేశి రాసిన మాట: "మీ కమల గారికి మా కృతజ్ఞతలు చెప్పండి."

అంత జ్ఞానమూ, అంత వినయమూ ఒక్కచోట మళ్లీ చూడబోము. ఆ పరదేశి మాటకు నేనింకా జవాబు రాయలేదు.