పోస్టాఫీసు కింద ఒంటెలు

"మీరు పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కటంటే ఒక్కటి పారేశారా?" అని యజమాని నిండు సమావేశంలో అడిగేశాడు. మిగతావాళ్ళంతా తలలు వంచుకుని నోటుపుస్తకాల్లో లేనిదేదో వెతుక్కున్నారు. అడిగించుకున్న మనిషి మాత్రం ప్రశ్నకి న్యాయం చేశాడు. కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, బాగా ఆలోచించి, "పాలపళ్ళు పోయాయి నాయనా. అవీ మా అమ్మ పారేసింది. నన్నడగలేదు," అన్నాడు.

ఆయన ఆ చిన్న వీడియో గేముల కంపెనీలో బొమ్మలు గీసే పెద్ద ఆర్టిస్టు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది. మనుషుల నోళ్ళలో మాత్రం అటకయ్య. అందరూ ఇంటికి అటక కట్టుకుంటారు, ఈయన గేమ్‌కి కట్టాడు. వద్దన్న బొమ్మ, మార్చేసిన బొమ్మ, పదిమందీ చూసి నవ్విన బొమ్మ, ఏదీ చెరిపేవాడు కాదు. ఆడేవాడి కంట పడకుండా గేమ్ లోపలే ఏ గోడ వెనకో, ఏ నేల కిందో సర్దేసేవాడు. ఎందుకండీ ఈ చెత్తంతా అంటే ఒకటే మాట: "ఉంటే ఉండనీ. తిండి అడుగుతుందా?"

పాతవాటి మీద మమకారం గొప్ప గుణమని ఉపన్యాసాలిచ్చేవాళ్ళెవరూ ఇంకొకరి అటక దులిపినవాళ్ళు కారు. దులిపేవాళ్ళకి తుమ్ములొస్తాయి గాని తత్త్వం రాదు. ఈ రోగానికి మందుగా యజమాని జరిమానా పెట్టాడు: పనికిరాని బొమ్మ దొరికితే బొమ్మకో టీ ఖరీదు. టీ ఫ్లాస్కు పక్కన గోడకి కాగితం అంటించి గీతలు గీస్తూ వచ్చాడు. అటకయ్య రోజూ ఆ కాగితం ముందే నిలబడి టీ తాగేవాడు. చిల్లిగవ్వ కట్టలేదు. ఒక్క గీత గురించీ వాదించలేదు. అయిదేసి గీతలకి ఒక అడ్డగీత పెడితే లెక్క తేలికని మాత్రం ఒకసారి సలహా ఇచ్చాడు.

యజమాని పట్టింపుకి కారణం ఒక గుర్రం. కుర్రతనంలో వేరే కంపెనీలో శిక్షణకి చేరి, మొట్టమొదట గీసిన గుర్రమే విడుదలైన గేమ్‌లోకి వెళ్ళిందని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు ఆ గుర్రం ఎక్కాల్సిందే. "బాగుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. నా గుర్రం ఉంది," అనేవాడు. గేమ్‌లో ఎక్కడ వస్తుంది సార్ అంటే, చివరి దశలో వస్తుందట, అది మరీ కష్టం కావడంతో అంతదాకా ఎవరూ ఆడలేకపోయారట.

ఆ గుర్రం కథ ఈమధ్య విన్నది కొత్తగా చేరిన టెస్టర్ అమ్మాయి. గేమ్‌ని ఆడి ఆడి తప్పులు పట్టడం టెస్టర్ పని. తప్పులు పట్టడం తన చెల్లెలికి పుట్టుకతో వచ్చిన విద్యేననీ, దానికి జీతం కూడా ఇస్తారంటేనే నమ్మలేకపోతున్నాననీ వాళ్ళ అన్నయ్య అంటుండేవాడు. అంతకుముందు రెండు కంపెనీలు ఆమెచేత మూడేసి నెలలు చాకిరీ చేయించుకుని, గేమ్ విడుదల కాకముందే పంపేశాయి. ఈ వృత్తిలో ఏ గుమ్మం ఎక్కినా మొదటి ప్రశ్న ఒకటే: విడుదలైన గేమ్‌లో నీ చెయ్యి ఎక్కడుంది? ఆమె చెయ్యి ఎక్కడా లేదు, ఒళ్ళోనే ఉంది. ఈ గేమ్ విడుదలైతే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. కాకపోతే మూడోసారి అన్నయ్య ముందు సంచీ దింపాలి.

చేరిన వారంలోనే ఆమె ఒకసారి నవ్వులపాలైంది. గేమ్‌లో ఒక తప్పు చెప్పడానికి మాటలు చాలక, పోస్ట్‌మాన్ గోడలో తలకిందులుగా ఇరుక్కుని కాళ్ళాడిస్తున్నట్టు పెన్సిల్‌తో గీసి చూపించింది. కాళ్ళు మోచేతుల్లా వచ్చాయి. ఆఫీసంతా కాగితం చేతులు మార్చుకుని మరీ నవ్వింది. తర్వాత ఆ కాగితం ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు.

గేమ్ సంగతి ఇది: కొండమీది ఊళ్ళో వానలో ఒక పోస్ట్‌మాన్ ఇంటింటికీ ఉత్తరాలు పంచుతాడు. దాన్ని అమ్మిపెట్టే సంస్థ ఒక షరతు పెట్టింది. శుక్రవారం సాయంత్రానికి గేమ్ అందాలి, రెండు వందల ఎంబీ దాటకూడదు. దాటితే ఒప్పందం రద్దు. సోమవారం పొద్దున తూచి చూస్తే రెండు వందల ముప్పై ఉంది. "అటక దులపండి," అన్నాడు యజమాని, టెస్టర్ వైపు చూస్తూ.

టెస్టర్లకి గోడల్లోంచీ నేలలోంచీ దూరిపోయే మీట ఒకటుంటుంది. ఆమె ఆ మీట నొక్కి పోస్ట్‌మాన్‌ని పోస్టాఫీసు నేలలోంచి కిందికి దించింది. దించిన మరుక్షణం కుర్చీతో సహా వెనక్కి జరిగింది. పక్క బల్ల దగ్గరి ప్రోగ్రామర్ అక్క వచ్చి తెర వంక చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. పోస్టాఫీసు కింద పద్నాలుగు ఒంటెలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. ప్రతి ఒంటె మీదా ఒక ఫిరంగి.

అక్క మెల్లగా గుర్తుచేసుకుంటూ చెప్పింది. ఈ గేమ్ పుట్టినప్పుడు ఎడారి యుద్ధమట. తర్వాత యజమాని మనసు మారి సముద్రంలో నిధివేట అయిందట. పోస్ట్‌మాన్ వచ్చింది మూడోసారి మనసు మారాక.

"అయితే సముద్రం ఏమైందక్కా?" అంది టెస్టర్.

సముద్రం బావిలో ఉంది. బావిలోకి దూకితే అడుగున తిమింగలం ఒక కన్ను తెరిచి చూసింది. బడి గోడ వెనక పదకొండు చందమామలున్నాయి, అన్నిటికీ ముక్కులున్నాయి. వంతెన కింద మనిషి మొహంతో ఒక మేక. మేఘాల మీద మెట్లు, మెట్ల చివర తలుపు, తలుపు తీస్తే మూడు కాళ్ళ స్టూలు. ఒంటెల వెనక అయిదు కాళ్ళతో ఇంకేదో ఉంది. ఎటు తిప్పి చూసినా ఏమిటో అంతుపట్టక 'అయిదు కాళ్ళ బల్ల' అని రాసుకుంది. గోడ మీది పాత గీతలతో కలిపి సాయంత్రానికి లెక్క మూడు వందల పన్నెండు తేలింది. యజమాని గోడకి రెండో కాగితం అంటించాడు.

ఇవన్నీ తీసేయమంటారా అని ఆమె అటకయ్యని మర్యాదగానే అడిగింది.

"ఎందుకమ్మా? తిండి అడుగుతున్నాయా?"

"ఎంబీలు అడుగుతున్నాయి సార్."

ఆ జవాబు ఆయనకి ఎంతో నచ్చింది. మెచ్చుకోలుగా తలాడించి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మంగళవారం ఆమె మూడు కాళ్ళ స్టూలుతో మొదలుపెట్టింది. స్టూలు చెరిపేసి గేమ్ నడిపితే, పోస్ట్‌మాన్ ఉత్తరాల సంచీతో సహా నేలలోకి దిగబడి, ఒంటెల మధ్యనుంచి జారి, అక్కడినుంచి కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉన్నాడు. స్టూలు మళ్ళీ పెడితే నేల గట్టిపడింది. మేకని తీస్తే వాన ఆగిపోయింది. అయిదో చందమామని తీస్తే ఊళ్ళో తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఎక్కువైందనుకున్న ప్రతిదీ గేమ్‌కి ఎక్కడో ఒకచోట ఇరుసై కూర్చుంది.

ప్రోగ్రామర్ అక్క బొమ్మల ఫైళ్ళు తవ్వి చూసి, తెరిచిన నోరు మూయలేదు. ప్రతి పనికిరాని బొమ్మనీ ఎవరో ఒక పనికొచ్చే దానికి ముడివేశారు. ఆ బొమ్మ ఉంటేనే ఇది నడవాలి అని షరతు. మూడు వందల పన్నెండు ముళ్ళు. ఒక్కోటీ చేయి తిరిగిన పని.

"పన్నెండేళ్ళుగా ఆయన పక్క కుర్చీలో కూర్చుంటున్నాను," అంది అక్క నీరసంగా. "ఆయనకి కోడ్ ఒక్క ముక్క రాదనుకున్నాను. ప్రింటర్ ఆన్ చెయ్యాలన్నా నన్నే పిలుస్తాడే."

ఇవి విప్పాలంటే నెల పడుతుంది. ఉన్నవి మూడు రోజులు.

బుధవారం అటకయ్య పన్ను పీకించుకోడానికి సెలవు పెట్టాడు. ఫోన్ ఎత్తలేదు. టెస్టర్ ఆయన చిరునామా పట్టుకుని బయల్దేరింది. ఆ ఇల్లు ఎలా ఉంటుందో దారిపొడుగునా ఊహించుకుంది: నేలనుంచి కప్పుదాకా పాత పేపర్లు, విరిగిన కుర్చీలు, మధ్యలో మనిషి ఒరిగి నడిచేంత సందు. మెట్ల దగ్గరే ముక్కుకి రుమాలు కట్టుకుంది.

అటకయ్య భార్య తలుపు తీసింది. ఇల్లు ఖాళీ. రెండు కుర్చీలు, ఒక మంచం, గోడకి ఒక మేకు. ఆమె రుమాలు కిందికి లాగి, దొంగలు పడ్డారా ఆంటీ అని అడిగేసింది.

"మా ఇంట్లో దొంగలు పడితే వాళ్ళే ఏదైనా పెట్టి పోతారమ్మా," అంది ఆవిడ. ఆయన ఇంకా పళ్ళ డాక్టరు దగ్గరే ఉన్నాడట. ఇంట్లో పూచికపుల్ల నిలవనివ్వడట. గొడుగు రెండు వానాకాలాలు వాడితే చాలు, ఎవరో తడుస్తున్నారని ఇచ్చేస్తాడట. ఆ మేకుకి వాళ్ళ పెళ్ళి ఫొటో ఉండేదట. ఫ్రేము బాగుందని ఎదురింటాయన అంటే, ఫ్రేము విప్పి ఇచ్చేశాడట.

టెస్టర్ ఆఫీసు అటక గురించి చెప్పింది. ఈసారి నివ్వెరపోవడం ఆవిడ వంతయింది. ఒంటెల దగ్గర గోడకి చెయ్యి ఆనించింది. తిమింగలం దగ్గర రెండో కుర్చీలో కూర్చుంది.

"మా ఆయనా? దాచడమా?" అని, "ఒక్క పుస్తకం మాత్రం దాస్తారు," అంటూ తలగడ కిందినుంచి తీసింది.

అట్ట చిరిగిన పొడుగుపాటి లెక్కల పుస్తకం. లోపల లెక్కలు లేవు. పై అంచున ముత్యాల్లాంటి అక్షరాలతో, 'వీటిని ఎవరూ పీకకుండా గట్టిగా కట్టవలెను' అని ఉంది. కింద ఒక్కో బొమ్మకి ఒక్కో వరస. 'మూడు కాళ్ళ స్టూలు. మేఘాల పైన. రెండు నెలలకే పంపేసిన శిక్షణ పిల్లది. ఉత్తరం రాశాను. ఉద్యోగం దొరికింది.' 'మేక. వంతెన కింద. కళ్ళు దెబ్బతిని మానేసిన ఆర్టిస్టుది. ఉత్తరం రాశాను. దొరికింది.' 'చందమామలు పదకొండు. ఏది బాగుందో తేల్చుకోలేక అన్నీ ఇచ్చినవాడివి. మూడు ఉత్తరాలు రాశాను. దొరికింది, నిలుపుకుంటే బాగుండు.' ఉత్తరం నకలు ఒకటి మధ్యలో ఉంది. రెండే వాక్యాలు: విడుదల కానున్న ఈ గేమ్‌లో వీరు గీసిన బొమ్మ ఉండును. సందేహం ఉన్నవారు విడుదలయ్యాక తెరిచి చూసుకోవచ్చును.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం కాకుండా ఉండటం కోసమే ఆయన ఒంటెల్ని మేపుతున్నాడు.

నిన్న తాను పీకింది స్టూలు కాదనీ, ఎక్కడో ఎవరిదో కుర్చీ అనీ టెస్టర్‌కి అప్పుడు తెలిసింది. పుస్తకం అడిగి తీసుకుని ఆఫీసుకి పరుగెత్తింది. గేమ్ పోతే తన ఉద్యోగం పోతుంది. ఇవి పోతే ఇంతమంది గురించి ఆయన ఇచ్చిన మాట పోతుంది. ఎవరికీ ఏదీ పోకుండా ముప్పై ఎంబీలు ఎక్కడినుంచి తేవాలి? ఇంతవరకూ ఆమె కనబడని వాటినే తూచింది. ఆ సాయంత్రం మొదటిసారి కనబడేవాటిని తూచడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున యజమాని ముళ్ళు విప్పలేకపోతే తెంపమన్నాడు. వాన ఆగితే ఆగనివ్వమన్నాడు. టెస్టర్ మారుమాట్లాడకుండా పుస్తకంలో మొదటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. మొదటి వరస ఇదీ: 'గుర్రం. కాళ్ళు అయిదు. నది అడుగున, ఇసుక కింద. మూడో నెలలో పంపేసిన కుర్రాడిది. ఉత్తరం రాశాను. దొరికింది. ఆ కంపెనీ మూతపడ్డాక గుర్రాన్ని నా వెంట తెచ్చుకున్నాను. ఇప్పుడు ఒంటెల వెనక.'

 యజమాని లేచి టెస్టర్ తెర దగ్గరికి వచ్చి, ఒంటెల వెనక ఉన్నదాన్ని చూపించమన్నాడు. చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇది బల్ల కాదమ్మాయ్," అన్నాడు చివరికి. "గుర్రం."

"అయిదు కాళ్ళున్నాయి సార్."

"అయిదోది తోక."

అప్పుడే అటకయ్య లోపలికి వచ్చాడు, బుగ్గ బూరెలా ఉబ్బి, నోట్లో దూదితో. యజమాని ఆయన వైపు తిరిగి, "చివరి దశలో రాదా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అటకయ్య జాలిగా తల అడ్డంగా ఊపి, వేలితో నేల కిందికి చూపించాడు.

ఇరవై ఏళ్ళ గుర్రం దిగడానికి ఎవరికైనా కొంచెం టైము పడుతుంది. ఆ వ్యవధిలో టెస్టర్ తన లెక్క చెప్పేసింది. అటక మొత్తం కలిపితే తొమ్మిది ఎంబీలు. మొత్తం ఊడ్చి పారేసినా గేమ్ పట్టదు. మొదట్లో వచ్చే కంపెనీ ముద్ర ఒక్కటే, బంగారు అక్షరాలు, రెండు ఉరుములు, చుట్టూ తిరిగే ఏడు గద్దలతో కలిపి, ముప్పై నాలుగు. దాన్ని యజమాని స్వయంగా చేసి, 'ముట్టుకోవద్దు' అనే ఫోల్డర్‌లో పెట్టడంతో ఎవరూ తూచలేదు.

యజమాని గద్దల్ని చూశాడు. గుర్రాన్ని చూశాడు. గద్దలకి కాళ్ళు సరిగ్గానే ఉన్నాయి.

"ఉంటే ఉండనీ అనరేం?" అన్నాడు అటకయ్యతో, చివరి ఆశగా.

నోట్లో దూది ఉండటంతో అటకయ్య కాగితం తీసుకుని రాసి చూపించాడు: 'ఇది తిండి అడుగుతోంది నాయనా.'

గద్దలు పోయాయి. గేమ్ నూట తొంభై ఆరుకి దిగింది. యజమాని కాస్త తేరుకుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, పీకిన పన్ను ఎక్కడ దాచారని అడిగాడు. అటకయ్య అదే కాగితం వెనక రాశాడు: 'పారేయమన్నాను.' ఆ వారంలో ఎన్ని వింతలు చూసినా ప్రోగ్రామర్ అక్క కుర్చీ పట్టుకున్నది మాత్రం ఇప్పుడే.

శుక్రవారం గేమ్ అందింది. ఆ నెలలోనే విడుదలైంది. టెస్టర్‌కి ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. యజమాని కొత్తవాళ్ళకి గుర్రం కథ చెప్పడం మానలేదు గాని, ఇప్పుడు అది ఆ పాత గేమ్ నది అడుగున ఉందని నిజం చెబుతున్నాడు. అదే గొప్ప అన్నట్టు చెబుతున్నాడు.

ఒకరోజు తోచక టెస్టర్ విడుదలైన గేమ్ తెరిచి, మీట నొక్కి, పోస్టాఫీసు కిందికి దిగింది. ఒంటెలు దాటింది. గుర్రం దాటింది. దాని వెనక గోడలో పోస్ట్‌మాన్ తలకిందులుగా ఇరుక్కుని, మోచేతుల్లాంటి కాళ్ళు ఆడిస్తున్నాడు. పెన్సిల్ గీతలు గీతల్లాగే ఉన్నాయి.  దాన్ని దేనికి ముడివేశారా అని ఆమె వెతికింది. పోస్ట్‌మాన్ చేతిలోని మొదటి ఉత్తరానికి.

తప్పు తప్పే కాబట్టి, ఫ్లాస్కు దగ్గరికి వెళ్ళి, గోడ కాగితం మీద తనే ఇంకో గీత గీసింది. మొత్తం మూడు వందల పదమూడు టీల ఖరీదు. అటకయ్య ఇంతవరకూ కట్టలేదు.