హేజెల్ చెప్పిన అంకె

1981 వేసవి. న్యూజెర్సీలో, పిస్కాటవేకి దగ్గర్లో, ఒక చెప్పుల దుకాణం మీది అంతస్తులో మా వాతావరణ కంపెనీ ఉండేది. ప్రభుత్వ సంస్థ కాదు, చిన్న ప్రైవేటు వ్యాపారం. రేడియో స్టేషన్లు, రోడ్ల డిపార్ట్‌మెంట్లు, కొండల్లో జనం డేరాలు వేసుకుని ఉండే క్యాంప్‌గ్రౌండ్లు మాకు చందాదారులు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాళ్ళకు ‘ఔట్‌లుక్’ పంపడం నా పని. రాబోయే ఒకటి రెండు రోజుల్లో ఏ ప్రాంతంలో గాలివానలు, వడగళ్ళు, వరద ముప్పు ఏమేరకు ఉన్నాయో చెప్పే చీటీ అది. ముప్పు పెరిగితే ‘వాచ్’ ఇస్తారు, కనిపెట్టుకుని ఉండమని. మీదికొచ్చి పడితే ‘వార్నింగ్’, పరుగెత్తమని. ఆ రెండూ ప్రభుత్వం వాళ్ళ పని. వాళ్ళకంటే ముందు చెవిలో ఊదడం మా వ్యాపారం.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను కోతలరాయుణ్ణి. మా ఊరి గాలికి మా తాత ఎడమ మీసం కుడివైపు చేరిపోయిందని, దాన్ని వెనక్కి రప్పించడానికి ఎదురుగాలి కోసం ఆయన మూడేళ్ళు అరుగు మీదే కూర్చున్నాడని చెబితే మా ఆఫీసులో నమ్మినవాళ్ళున్నారు. నమ్మనివాళ్ళు కూడా మళ్ళీ చెప్పమనేవారు. ఆ పొగడ్తకు నేను బాగా అలవాటు పడ్డాను.

రాడార్‌కి అన్నీ కనపడవు. కొండల వెనక, కిందుగా కురిసే వాన దాని కళ్ళుగప్పి పోతుంది. అందుకని ఆ ఊళ్ళలో కొందరు పెరట్లో ‘రెయిన్ గేజ్’ పెట్టుకుని, అంటే వాన నీళ్ళు పట్టి అంగుళాల్లో కొలిచే గొట్టం, చూసి మాకు ఫోన్ చేసేవాళ్ళు. వాళ్ళను అబ్జర్వర్లు అనేవాళ్ళం. జీతం లేదు, సరదా. పెన్సిల్వేనియా కొండల్లో అలాంటి మనిషి హేజెల్. డెబ్బై దాటింది, భర్త లేడు, పాడి ఆవులున్నాయి. మూర్తి అనడానికి నోరు తిరగక నన్ను ‘మర్టీ’ అనేది.

“మర్టీ, నిన్నటి వడగళ్ళకి మా ఆవు మెడలో గంట పన్నెండు కొట్టింది.”

“మా వైపు వడగళ్ళు ఏరుకుని ఇళ్ళు కట్టుకుంటాం హేజెల్. ఎండాకాలం రాగానే అద్దె ఇల్లు వెతుక్కోవాలి, అదొక్కటే ఇబ్బంది.”

అంకె వినగానే రాసుకోవాలి, తిరిగి చదివి వినిపించాలి, నమ్మశక్యంగా లేకపోతే పక్క ఊరి అబ్జర్వర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇది మా కంపెనీ నియమం. హేజెల్ దగ్గర మాత్రం ముందు కోత, తర్వాత అంకె. ఆ పద్ధతి ఆమెకు నేర్పింది నేనే.

జులైలో ఒక శనివారం. వరద ముప్పు తక్కువని పొద్దున ఔట్‌లుక్‌లో రాశాను. పన్నెండూ నలభైకి ఫోన్ మోగింది.

“ఐదున్నర అంగుళాలు, మర్టీ. రెండు గంటల్లో. కప్పలు వంటింట్లోకొచ్చి తువ్వాళ్ళు అడుగుతున్నాయి.”

నేను పగలబడి నవ్వాను. “కొత్తవి ఇచ్చావా, చిరిగినవా?”

“ఇంకా కురుస్తోంది, మర్టీ,” అని పెట్టేసింది.

రాడార్ తెర మీద ఆమె ఊరి దగ్గర గోరంత మచ్చ. లాగ్‌బుక్‌లో ఐదున్నర అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, దాని పక్కన తువ్వాలు చుట్టుకున్న కప్పను గీశాను. బొమ్మ బాగా కుదిరింది. పక్క ఊరికి ఫోన్ చెయ్యలేదు. మధ్యాహ్నం ఔట్‌లుక్ పొద్దుటిదే పంపాను.

అరగంటకు మళ్ళీ ఫోన్. ఈసారి తెలుగు.

“మూర్తి గారూ, నేనండీ, రత్నాన్ని. పే ఫోన్ నుంచి చేస్తన్నా.”

రత్నం గారు మా దగ్గరి తెలుగు చర్చికి పెద్ద. దివిసీమ మనిషి. ఉప్పెనలో ఆయన తమ్ముడి ఇల్లు మనుషులతో సహా పోయింది. ఆ వారం ముప్పై మందిని వెంటబెట్టుకుని ప్రార్థన కూటానికి పెన్సిల్వేనియా వెళ్ళారు. ఏటి ఒడ్డున ఉన్న ఆ క్యాంప్‌గ్రౌండ్ బాగుంటుందని చెప్పింది నేనే. ఆ ఏరు హేజెల్ పొలం పక్కనుంచే దిగి వస్తుంది. మ్యాపు నా ఎదురుగా గోడ మీదే ఉంది.

“ఇక్కడ చినుకు లేదండీ. కానీ ఏరు రంగు మారింది. పొద్దున అడుగున రాళ్ళు కనపడ్డాయి, ఇప్పుడు టీ రంగుకొచ్చింది. పుల్లలు కొట్టుకొస్తన్నాయి. డేరాలు పీకి అందర్నీ మిట్ట ఎక్కిద్దామా అని చూస్తన్నా. వంట మధ్యలో ఏంటీ గోలని మా ఆడోళ్ళు నా మీద కేకలేస్తన్నారు.”

“టీ రంగయితే గ్లాసులు పట్టండి రత్నం గారూ. పైన ఎవరో కెటిల్ ఒలకబోసుకున్నట్టున్నారు.”

“అది కాదండీ, ఖాయంగా ఏం లేదంటారా? నీళ్ళంటే నా భయం మీకు తెలుసుగా.”

“మా ఔట్‌లుక్‌లో వరద లేదు. దివిసీమ సముద్రం ఇక్కడిదాకా రాదులెండి. హాయిగా భోంచెయ్యండి.”

ఆయన నవ్వారు. నా కోసం నవ్వారని ఇప్పుడు తెలుస్తోంది. “చదువుకున్నోళ్ళు, మీరు చెప్పాక ఇంకేముంది,” అన్నారు.

వెళ్ళి అందరికీ అదే చెప్పారట: ఏం లేదంట, మూర్తి గారన్నారు. ఆయన భార్య మరియమ్మ గారు బియ్యం కడగడానికి గిన్నె తీసుకుని ఏట్లోకి దిగారు. తర్వాత ఏరు గోడలా వచ్చిందని అక్కడున్నవాళ్ళు చెప్పారు. రత్నం గారు పిల్లల్ని రెక్కలు పట్టి మిట్ట మీదికి ఈడ్చారు. మరియమ్మ గారు కొట్టుకుపోయి, పడిపోయిన ఒక చెట్టు కొమ్మల్లో చిక్కుకున్నారు. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు తాళ్ళతో వచ్చేదాకా రెండు గంటలు ఆ కొమ్మనే పట్టుకుని ఉన్నారు. తుంటి ఎముక విరిగింది.

ఎవరూ చనిపోలేదు. ఈ వాక్యం వెనక నేను చాలాకాలం దాక్కున్నాను.

వరద కబురు తెలిసి, నాలుగింటికి మా బాస్ వాల్ట్ లాగ్‌బుక్ తిరగేశాడు.

“ఇదేమిటి?”

“కప్ప.”

“పన్నెండూ నలభైకి ఈ అంకె మన చేతిలో ఉందా?”

“ఉంది.”

తిట్టలేదు. తిడితే బాగుండును. ఫోన్ నా వైపు జరిపాడు. “ఆమెతో మాట్లాడు.”

“హేజెల్, నువ్వు జోక్ చేస్తున్నావనుకున్నాను,” అన్నాను.

“కప్పలు జోకు, మర్టీ. అంకె కాదు. నాకు భయమేసింది. నీతో ఎలా మాట్లాడాలో నాకు అదొక్కటే తెలుసు.”

ఆ తర్వాత కూడా ఆమె చాలా ఏళ్ళు ఫోన్ చేసింది. అంకె చెప్పేది, నేను తిరిగి చదివేవాణ్ణి, పెట్టేసేది.

ఆసుపత్రికి వెళ్ళాను. రత్నం గారు వరండాలో నా చెయ్యి పట్టుకున్నారు. “ఏరు చూడగానే నాకు తెలిసిందండీ. తెలిసి కూడా మావోళ్ళని కదపకుండా ఫోన్ దగ్గరికెళ్ళా. తప్పు నాదే.”

కాదు, నాదని అనాలి. “రాడార్‌లో కనపడలేదండీ,” అన్నాను. అది నిజమే. నా జీవితంలో ఎన్నో కోతలు కోశాను గాని, ఆ నిజమంత నీచమైన అబద్ధం ఇంకోటి ఆడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నోరు ఊరుకోలేదు. మన తెలుగువాళ్ళు పదిమంది చేరినచోట ఆ వరద నా నోట పెరుగుతూ వచ్చింది. మొదటి ఏడాది నేను అనుమానపడ్డాను. రెండో ఏడాది హెచ్చరించాను. ఐదో ఏడాదికల్లా ఫోన్‌లో “పరుగెత్తండి!” అని గొంతు చించుకుని ముప్పై మందినీ ఒడ్డెక్కించాను.

నిరుడు పిస్కాటవేలో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలు. ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి ఆ ముక్కే చెబుతున్నాను. ముగించి చూస్తే, సోఫా చివర చేతికర్ర ఆనించుకుని మరియమ్మ గారు. ఎప్పుడొచ్చారో తెలీదు.

ఇంటివాళ్ళ అమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల, ఆవిడ వైపు తిరిగింది. “ఆంటీ, యూ వర్ దేర్, రైట్? అంకుల్ నిజంగా అందర్ని సేవ్ చేశాడా?”

మరియమ్మ గారు నా వంక చూశారు. అందులో కోపం లేదు.

“ఫోనైతే ఎత్తారమ్మా,” అన్నారు.

“ఎత్తి ఏం చెప్పాడు?”

“ఆయన్నే అడుగమ్మా,” అన్నారావిడ. వంతు నాకు వదిలేశారు.

“ఏమీ లేదని చెప్పాను తల్లీ,” అన్నాను.

గది గదంతా గొల్లున నవ్వింది. ఇంకో కోత అనుకున్నారు. మరియమ్మ గారు మాత్రం కొంచెం పక్కకు జరిగి, “కూర్చోండి బాబూ, ఎంతసేపు నిలబడతారు,” అన్నారు. కూర్చున్నాను.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళున్నారు. ఎవరి నోట వచ్చినా అంకెను ముందు రాయమంటాను, తిరిగి చదవమంటాను. నవ్వొస్తే పక్క ఊరికి ఫోన్ చేశాక నవ్వమంటాను. ఎందుకని అడిగితే ఇన్నాళ్ళూ రాడార్ లోపాల గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇకమీదట ఇదంతా రాసిన ఈ కాగితాలు చేతికిస్తాను.