బ్రేకు వార్నింగ్ లైటు ఎలా ఆరిందంటే

పోయిన నెలలో నా కారు డ్యాష్‌బోర్డు మీద బ్రేకు ప్యాడ్లు అరిగాయని లైటు వెలిగింది. మా తమ్ముడు బండి తీసుకెళ్లి, సాయంత్రానికల్లా లైటు లేకుండా తెచ్చిచ్చాడు. కొత్త ప్యాడ్లు వేయించాడనుకున్నాను.

ఈ రోజు అమ్మను ఎక్కించుకుని కుప్పం నుంచి మదనపల్లెకు బయలుదేరాను. పుంగనూరు దాటాక బ్రేకు వేసినప్పుడల్లా ఇనుము గీసుకుంటున్న చప్పుడు మొదలైంది. మదనపల్లెలో కనిపించిన మొదటి షెడ్డు దగ్గరే ఆపాను. మెకానిక్ చక్రం విప్పి నన్ను పిలిచాడు.

"సూడండమ్మా, ప్యాడ్లు రేకు దాకా అరిగిపోయుండాయి. సెన్సార్ వైరు కత్తిరించి, కొసలు రెండూ కలిపి సుట్టేసుండారు. ఇంక లైటెట్లా వెలుగుతాది?"

ఇన్నాళ్లూ ఈ బ్రేకులతోనే టమోటా లారీల వెనక తిరిగాను. అమ్మ రోడ్డు అవతల నిలబడి నిశ్చింతగా చెరుకురసం తాగుతోంది. కాస్త దూరం వెళ్లి తమ్ముడికి ఫోన్ చేశాను.

"నువ్వే కదక్కా, ఆ లైటు పోవల్ల అంటివి? పోయింది కదా!" అన్నాడు.

ఫోన్ పెట్టేసి షెడ్డు దగ్గరికి తిరిగొచ్చాను.

కొత్త ప్యాడ్లు, కొత్త సెన్సార్ వేసి, మెకానిక్ వార్నింగ్ రీసెట్ చేశాడు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పినా వాణ్ణే వెనకేసుకొస్తుంది.

మీ బండిలో లైటు ఆరితే, ఎలా ఆరిందని అడుగుతారా, నాలాగా సంతోషిస్తారా?