బావ కురిపించిన వాన

నా కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటాయి. ఎవరి వెనక చేరి భయపెడదామన్నా ముందే తెలిసిపోతుంది. మార్చమని యూసుఫ్‌గూడ దుకాణంలో తగువాడుతుండగా ఫోన్ వచ్చింది. పక్కింటి బావ పోయాడట. నిద్రలోనే.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయన భార్య నన్ను అన్నా అంటుంది, అందుకని బావ. ఏడిపించడానికి ఆ వరస చాలు నాకు.

ఫిల్మ్‌నగర్ షూటింగుల్లో వాన కురిపించడం ఆయన పని. ఎందరు హీరోలు తడిశారో ఆయన పైపు కింద! మోకాళ్లు పోయాక ఆ వానంతా ఒక్క పిట్టకే మిగిలింది. తల మీద జుట్టున్న చిన్న చిలక, కాకటీల్ అది. రోజూ ఎండ రాగానే డాబా మీద పంజరం పెట్టి, సీసాతో గోరువెచ్చని నీళ్లు పైకి చిమ్మేవాడు. తుంపర్లు మెల్లగా దిగేవి. పిట్ట రెక్కలు విప్పి తలకిందులుగా వేలాడేది.

"మొఖం మీద గొట్టొద్దు బావా. వాన మీదికెళ్లి పడాలె" అనేవాడు.

"నాకెప్పుడన్న గిట్ల పోసినవా?"

"నువ్వు తడిస్తె కంపు లేస్తది."

పిట్ట "ప్యాకప్" అనగానే, షూటింగు ముగిసినట్టు సీసా దించేవాడు. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసేవాడు. నేను పక్కనుంటే మాత్రం అది నోరు విప్పేది కాదు. "నీ మొఖం జూస్తె దానికి బుగులు" అనేవాడు.

దినాలు అయ్యాక ఆయన భార్య, నా వరస చెల్లెలు, సీసా పట్టుకుంది. చిమ్ముతూనే ఉంది. పిట్ట ఈకలు ఒంటికి అతుక్కుపోయాయి. గడగడా వణుకుతోంది.

"చాలు చెల్లే, సల్లపడి సస్తది."

"ఆయనకు చెప్పేది గదా అన్నా. నాకెందుకు చెప్తలేదు? జర ఒక్కసారి అననీ, ఆపుతా."

సీసా లాక్కుని, పిట్టను తువ్వాలులో చుట్టాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పిట్ట గింజలు ముట్టడం మానేసింది. ఆమె అన్నం మానేసింది.

ఇవాళ పొద్దున మా డాబా మీది నీళ్ల ట్యాంకు వెనక నక్కాను. నాలుగేళ్లుగా నక్కిన చోటే. ముక్కు పట్టుకుని, గొంతు సన్నం చేసి, ఆ మాట అనబోయాను. ఏడుపొచ్చింది. బావ బతికుండగా చెప్పుంటే నాలుగు తిట్టి నవ్వేవాడు. ఇప్పుడు తిట్టేదెవరు?

నా వెక్కిళ్లు విని చెల్లెలు పిట్టగోడ దగ్గరకొచ్చింది.

"అన్నా, గాడేం జేస్తున్నవ్?"

"ప్యాకప్ అన్నది నేనే చెల్లే" అన్నాను. "గా పిట్టకు మాటలే రావు."